మధ్య పెట్టె దగ్గర ఆగిపోయే 4కె బొమ్మ

గుంటూరు బ్రాడీపేటలో మేడ మీది గది ఒకటి. గోడకు కొత్త 65 అంగుళాల 4కె టీవీ. దాని కింద బల్ల మీద 2013లో కొన్న ఏవీ రిసీవర్ (బొమ్మను టీవీకి, శబ్దాన్ని స్పీకర్లకు పంచే పెట్టె), చుట్టూ ఐదు స్పీకర్లు, మూలన ఒక సబ్‌వూఫర్. ఓటీటీ సినిమాలు ఆడించే చిన్న స్టిక్కును రిసీవర్ వెనక హెచ్‌డీఎంఐ సాకెట్‌లో పెట్టారు. రిసీవర్ నుంచి మరో కేబులు టీవీకి పోతుంది. కట్టిన చందా 4కె చందా. ఇంటర్నెట్ వేగానికి లోటు లేదు. సినిమా మొదలయ్యాక టీవీ రిమోట్‌లో సమాచారం మీట నొక్కితే తెర పైమూలన 1920×1080 అని కనిపిస్తోంది, 4కె అయితే అక్కడ 3840×2160 ఉండాలి. వెలుగునీడలను, రంగులను మరింత నిండుగా చూపే హెచ్‌డీఆర్ గుర్తు ఎక్కడా లేదు. సాయంకాలపు ఆకాశంలో నారింజ రంగు నీలంలోకి జారే చోట మెట్లు మెట్లుగా చారలు పడుతున్నాయి.

ఇలాంటి ఇంటికి మెకానిక్ వస్తే ముందు కేబులు మారుస్తాడు. తరువాత టీవీ సెట్టింగులన్నీ తిరగేస్తాడు. చివరికి నింద ఇంటర్నెట్ ఇచ్చినవాళ్ల మీదకో, టీవీ తయారు చేసినవాళ్ల మీదకో పోతుంది. గుంటూరులో, విజయవాడలో పాత స్పీకర్ల సెట్టును మోజుగా ఉంచుకుని టీవీ ఒక్కటీ మార్చుకున్న ఇళ్లకు ఈ చిక్కు బాగా తెలుసు. కారణం మాత్రం చాలామందికి తెలియదు. టీవీ బాగుంది, కేబులు బాగుంది, రిసీవర్ కూడా చెడిపోలేదు. సినిమాను ఎవరూ కాపీ చేయకుండా వేసిన తాళం ఆ రిసీవర్‌ను నమ్మలేదు. నమ్మక బొమ్మను తగ్గించి పంపింది. తగ్గించిన సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆ తాళం పేరు హెచ్‌డీసీపీ. ఇంటెల్ సంస్థ రూపొందించిన ఈ పద్ధతి మొదటి ప్రమాణం 2000లో వచ్చింది. సినిమాను పంపే పరికరం తన ముందున్న పరికరాన్ని మొదట ప్రశ్నిస్తుంది: నీ దగ్గర తాళంచెవి ఉందా, అది అసలైనదేనా, నీ తరువాత ఇంకెవరున్నారు? తొలి తరంలో ప్రతి పరికరానికీ 56 బిట్ల తాళంచెవులు 40 ఇచ్చేవారు. రెండు వైపులా లెక్క వేసుకుని ఒకే జవాబు వస్తే బొమ్మ ఇతరులు విప్పలేని గుప్త రూపంలో బయలుదేరుతుంది, అవతలి పరికరం దాన్ని విప్పుకుంటుంది. అంతటితో వదిలిపెట్టదు. సినిమా నడుస్తున్నంతసేపూ దాదాపు రెండు సెకన్లకోసారి జవాబులు కలుస్తున్నాయో లేదో సరిచూస్తూనే ఉంటుంది.

2010 సెప్టెంబరులో ఈ తొలి తరం తాళానికి మూలమైన తాళంచెవి బయటపడింది. అది నిజమైనదేనని ఇంటెల్ కూడా ఒప్పుకుంది. అప్పటికే లక్షల ఇళ్లలో ఉన్న పరికరాలను వెనక్కి పిలవలేరు కాబట్టి పూర్తిగా కొత్త తాళం అవసరమైంది. హెచ్‌డీఎంఐ కోసం 2013 ఫిబ్రవరిలో వచ్చిన హెచ్‌డీసీపీ 2.2 అదే. పేరు పాతదే అయినా లోపలి పనితీరుకూ పాతదానికీ పొంతన లేదు. చాలా పాత పరికరాల్లో ఆ లెక్కలు చేసే చిప్పు లేదు గనుక సాఫ్ట్‌వేర్ మార్చినంత మాత్రాన అవి దీన్ని అందుకోలేవు. బ్రాడీపేట గదిలోని రిసీవర్ సరిగ్గా ఆ సంధికాలంలో కొన్నది. దాని అట్టపెట్టె మీద 4కె అని ముద్రించి ఉంది. అది అబద్ధం కాదు, 4కె సంకేతాన్ని ఆ రిసీవర్ దాటించగలదు. కాని తాళం ఉన్న 4కె సినిమాను దాటించే అర్హత దానికి లేదు. ఈ రెండో మాట అట్టపెట్టె మీద ఎవరూ వేయలేదు.

కొత్త ప్రమాణంలో సినిమాలకు రెండు తరగతులు ఉన్నాయి. మొదటి తరగతివి పాత తాళం ఉన్న పరికరానికైనా పంపవచ్చు. రెండో తరగతివి హెచ్‌డీసీపీ 2.2 గాని, ఆపై తరం గాని ఉన్న పరికరాలకే పంపాలి. ఓటీటీల 4కె సినిమాలు, 2016లో వచ్చిన అల్ట్రా హెచ్‌డీ బ్లూరే డిస్కులు ఈ రెండో రకానికే చెందుతాయి. దారిలో ఎన్ని పరికరాలున్నా ప్రతిదీ ఆ పరీక్షలో నెగ్గాలి. బండికి కట్టిన ఎద్దుల్లో కుంటిదాని నడకే బండి నడక అయినట్టు, ముందు ఖరీదైన స్టిక్కు, వెనక ఖరీదైన టీవీ ఉన్నా మధ్యలోని పాత రిసీవర్ స్థాయికే మొత్తం దిగిపోతుంది.

తాళం వల్ల బొమ్మ నాణ్యత తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. ఆ మాటను కాస్త విడదీసి చూడాలి. బొమ్మను గుప్త రూపంలోకి మార్చడం, విప్పడం అనేవి చుక్క పొల్లు పోకుండా జరిగే లెక్కలు. విప్పిన తరువాత వచ్చే బొమ్మలో ప్రతి చుక్కా (పిక్సెల్) మూలంలో ఉన్నట్టే ఉంటుంది, రంగు మారదు, పదును తగ్గదు. నష్టమంతా పరీక్ష తప్పినప్పుడు పరికరం తీసుకునే నిర్ణయంలో ఉంది. నల్లతెర చూపించవచ్చు, 1080 వరుసల చుక్కలున్న బొమ్మకు దింపవచ్చు, 480కీ దింపవచ్చు. దింపినప్పుడు చుక్కలతోపాటు హెచ్‌డీఆర్ కూడా పోతుంది. 4కె తెరలో దాదాపు 83 లక్షల చుక్కలు ఉంటాయి, 1080లో 20 లక్షల పైచిలుకు. పది అడుగుల దూరం నుంచి 65 అంగుళాల టీవీ చూసేవారికి ఆ తేడా అంతగా తెలియకపోవచ్చు. హెచ్‌డీఆర్ పోవడం మాత్రం ఇట్టే తెలుస్తుంది. 10 బిట్ల రంగులో ఒక్కో మూలవర్ణానికి 1024 మెట్లు, మొత్తం 107 కోట్ల ఛాయలు. 8 బిట్లలో 256 మెట్లు, కోటీ 67 లక్షల ఛాయలు. ఆకాశంలో పడిన ఆ చారలు ఇలా మెట్లు చాలకపోయినప్పుడు పడేవే. దీపం వెలుగులో తీసిన సన్నివేశాల్లో నీడల లోపలి వివరాలు కూడా ఇలాగే మాయమవుతాయి. ఛాయాగ్రాహకుడు కష్టపడి తెచ్చిన పని అది. చందా కట్టినవారికి అది అందకపోవడం నిజంగా బాధ కలిగించే సంగతి.

మధ్యలో ఉన్న పెట్టె మీద అనుమానం కొత్తది కాదు. 1980లలో వీసీఆర్‌ను ఒక రాత్రికి అద్దెకు తెచ్చి, తెల్లవారేలోగా మూడు సినిమాలు చూసిన తరం కోస్తాలో ఇంకా ఉంది. ఆ రోజుల్లోనే అమెరికాలో వీడియో క్యాసెట్లను కాపీ చేయకుండా అడ్డుకునే మాక్రోవిజన్ అనే పద్ధతి మొదలైంది. టీవీ సంకేతంలో తెర మీద కనిపించని గీతలు కొన్ని ఉంటాయి. వాటిలో అదనపు స్పందనలు చొప్పించేవారు. వీసీఆర్ లోపల సంకేతం బలాన్ని తనంతట తానే సరిదిద్దుకునే సర్క్యూట్ వాటిని చూసి మోసపోయేది. అలా తీసిన కాపీలో బొమ్మ ఒకసారి వెలిగి, ఒకసారి మసకబారి, ఊపిరి పీల్చి వదులుతున్నట్టు కొట్టుకునేది. టీవీలకు అంత సున్నితమైన సర్క్యూట్ లేదు కాబట్టి నేరుగా చూసేవారికి సాధారణంగా ఇబ్బంది ఉండేది కాదు. డీవీడీ వచ్చాక కథ మారింది. టీవీకి ఒకే ఇన్‌పుట్ ఉన్న ఇళ్లలో డీవీడీ ప్లేయర్‌ను వీసీఆర్‌కు తగిలించి, అక్కడి నుంచి టీవీకి పంపేవారు. వారు ఏమీ కాపీ చేయడం లేదు, సినిమా చూస్తున్నారంతే. అయినా వీసీఆర్ మధ్యలో ఉన్న ఒక్క కారణానికి బొమ్మ కొట్టుకునేది. బ్రాడీపేట గదిలో ఈనాడు రిసీవర్ పడుతున్న అవస్థే ఆనాడు వీసీఆర్ పడింది.

ఆ తరువాతి మజిలీ అనలాగ్ సాకెట్ల మూసివేత. ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల మూడు వైర్ల కాంపోనెంట్ కేబులుతో హై డెఫినిషన్ బొమ్మ చక్కగా వచ్చేది. దానికి తాళం వేయడం కుదరదు. కాబట్టి తాళం ఉన్న డీవీడీని 1080కి పెంచి చూపించే సౌకర్యాన్ని ప్లేయర్లు హెచ్‌డీఎంఐకే పరిమితం చేశాయి. బ్లూరే నిబంధనల్లో ఇంకో ఏర్పాటు చేశారు: డిస్కులో ఒక సూచన ఉంటే అనలాగ్ దారిలో బొమ్మ 960×540కి, అంటే పూర్తి హెచ్‌డీలో నాలుగో వంతుకు తగ్గాలి. 2010 తరువాత తయారైన ప్లేయర్లు అనలాగ్‌లో మామూలు డెఫినిషన్ మించి ఇవ్వకూడదని, 2013 తరువాత తయారైనవాటిలో అనలాగ్ వీడియో సాకెట్లే ఉండకూడదని ఆ నిబంధనలు చెప్పాయి. లక్షలు పోసి కాంపోనెంట్ సాకెట్ల ప్రొజెక్టర్ కొన్నవారికి తమ తప్పేమీ లేకుండానే దారి మూసుకుపోయింది.

ప్రొజెక్టర్ల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు ఎక్కువగా మోసపోతున్నది అక్కడే. తక్కువ ధరకు దొరికే ఆండ్రాయిడ్ ప్రొజెక్టర్లు ఈ రెండు నగరాల్లో మేడ మీది గదుల్లోకి, డాబాల మీదకి బాగా వచ్చాయి. ఇక్కడ పడే తాళం హెచ్‌డీఎంఐ కేబులులో ఉండేది కాదు, యాప్ లోపలే ఉంటుంది. ఆండ్రాయిడ్ పరికరాల్లో వాడే తాళం పేరు వైడ్‌వైన్. దాన్ని రూపొందించిన సంస్థను గూగుల్ 2010లో కొనుక్కుంది. ఇందులో ఎల్1, ఎల్2, ఎల్3 అనే అంచెలు ఉన్నాయి. చిప్పులోనే విడిగా కాపలా ఉన్న చోట సినిమాను విప్పితే ఎల్1. అలాంటి కాపలా లేకుండా సాఫ్ట్‌వేర్‌తోనే విప్పితే ఎల్3. ప్రధాన ఓటీటీలు హెచ్‌డీ, 4కె బొమ్మను సాధారణంగా ఎల్1 పరికరాలకే ఇస్తాయి, ఎల్3కి 480 దగ్గరే ఆపేస్తాయి. ఎల్1 చిప్పు ఒక్కటే ఉన్నా చాలదు, కొన్ని ఓటీటీలు పరికరం మోడల్‌ను విడిగా పరీక్షించి ఆమోదించాకే హెచ్‌డీ ఇస్తాయి.

ఆరంగుళాల ఫోనులో 480 బొమ్మ పెద్దగా ఇబ్బంది పెట్టదు. అదే బొమ్మను గోడ మీద వేస్తే లెక్క వేరు. 100 అంగుళాల తెర వెడల్పు సుమారు 221 సెంటీమీటర్లు. అందులో 480 బొమ్మకు అడ్డంగా 854 చుక్కలు, అంటే ఒక్కో చుక్క రెండున్నర మిల్లీమీటర్లకు పైనే. 1080 అయితే ఒక మిల్లీమీటరు చిల్లర, 4కె అయితే అర మిల్లీమీటరు చిల్లర. మంచి చూపు ఉన్న మనిషి మూడు మీటర్ల దూరం నుంచి సుమారు 0.9 మిల్లీమీటర్ల తేడాను పట్టగలడు. కాబట్టి 480 బొమ్మలో కనురెప్పల వెంట్రుకలు కలిసిపోవడం, జరీ అంచు చీర ఒకే పసుపు పట్టీలా కనిపించడం చూసేవారి కంటి దోషం కాదు. చిన్న అక్షరాల సబ్‌టైటిళ్లు యాప్ విడిగా గీస్తుంది కాబట్టి అవి మాత్రం పదునుగానే ఉంటాయి. పదునైన అక్షరాల వెనక మసక ముఖాలు కనిపిస్తే ఎల్3 మీద అనుమానం పెట్టుకోవచ్చు. కొనే ముందు దుకాణంలోనే వైడ్‌వైన్ అంచెను చూపించే ఉచిత యాప్ ఒకటి ఆ ప్రొజెక్టర్‌లో వేయించి చూడటం మంచిది. పెట్టె మీద ఉండే ‘4కె సపోర్ట్’ అనే మాటకు తరచూ ఉండే అర్థం 4కె ఫైలును లోపలికి తీసుకోగలదని మాత్రమే. గోడ మీద ఎన్ని చుక్కలు పడతాయో, ఓటీటీ ఏ బొమ్మ ఇస్తుందో ఆ మాట చెప్పదు.

ఇక తప్పు కేబులుదా, తాళానిదా అని తేల్చుకోవడానికి ఇంట్లోనే ఒక పరీక్ష ఉంది. ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి ఫోనుతో తీసిన 4కె వీడియో లాంటిది, మనం సొంతంగా తీసినది, ఏదైనా తీసుకోవాలి. దాన్ని టీవీకి నేరుగా కాకుండా సినిమా వచ్చే దారిలోనే, అంటే అదే ప్లేయర్ నుంచి అదే రిసీవర్ మీదుగా ఆడించాలి. దానికి ఏ తాళమూ ఉండదు. అది 4కెలో నిండుగా వచ్చి, డబ్బు కట్టిన సినిమా మాత్రం తగ్గి వస్తే చిక్కు దాదాపుగా తాళానిదే. రెండూ చెడిపోయి వస్తే కేబులునో సాకెట్‌నో చూడాలి. గోడలో పైపు వేసి దాచిన పొడవాటి కేబుళ్లు 1080ని మోసి, 4కె దగ్గర చేతులెత్తేయడం మామూలే. హెచ్‌డీఎంఐ 1.4 మోసే బరువు సెకనుకు 10.2 గిగాబిట్లు, 2.0 మోసేది 18. బలహీనమైన కేబులులో తెర మీద అక్కడక్కడ తెల్లని మెరుపు చుక్కలు కనిపిస్తాయి. తాళం తెగితే చుక్కలు పడవు, తెర మొత్తం నల్లబడుతుంది, లేదా రంగురంగుల ఇసుక చల్లినట్టు అయిపోతుంది. కొన్నిసార్లు రెండూ కలిసే ఉంటాయి. కేబులులో చిన్న లోపం సరిచూపు జవాబును చెరిపేస్తుంది, తాళం మళ్లీ మొదటి నుంచి ప్రశ్నలు వేస్తుంది, ఆ నాలుగైదు సెకన్లు తెర నల్లగా ఉండిపోతుంది.

వేసవిలో కరెంటు పోయి వచ్చినప్పుడు సినిమా తిరిగి రాకపోవడం కూడా చాలాచోట్ల ఇదే. అన్ని పరికరాలూ ఒకేసారి లేవడంతో ఒకటి ప్రశ్న అడిగే సమయానికి మరొకటి జవాబు చెప్పే స్థితిలో ఉండదు. అన్నీ ఆపి, ముందు టీవీ, తరువాత రిసీవర్, చివరగా ప్లేయర్ వేస్తే చాలావరకు సర్దుకుంటుంది. పడకగదిలోని పాత టీవీకి కూడా బొమ్మ పంపాలని స్ప్లిటర్ పెట్టుకున్న ఇళ్లలో, ఆ పాత టీవీ వల్ల హాల్లోని కొత్త టీవీ కూడా 1080కి దిగిపోతుంది. పడకగదిలో ఎవరూ చూడకపోయినా అంతే.

ఈ తాళాలతో కేబుల్ టీవీ సెట్‌టాప్ బాక్సు పద్ధతిని పోల్చి చూడాలి. క్రికెట్ మ్యాచ్ మధ్యలో తెర మీద హఠాత్తుగా ఒక పొడవాటి అంకె ఎక్కడో ఒకచోట కొన్ని క్షణాలు కనిపించి పోతుంది. చాలామంది దాన్ని బాక్సు పాడైన గుర్తుగా తీసుకుంటారు. నిజానికి అది ఆ బాక్సుకు లేదా అందులోని కార్డుకు ఉన్న ప్రత్యేక సంఖ్య. దాన్ని ఫింగర్‌ప్రింట్ అంటారు. ఎవరైనా ఆ ప్రసారాన్ని రికార్డు చేసి బయటపెడితే ఏ బాక్సు నుంచి పోయిందో తెలియాలన్నది ఉద్దేశం. ఇది రిమోట్‌తో తొలగించడానికి వీల్లేకుండా ఉండాలని, తెర మీద చోటు మారుతూ ఉండాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనలే చెబుతున్నాయి. డిజిటల్ సినిమా ప్రమాణంలో థియేటర్లకూ ఇలాంటిదే ఉంది. కంటికి కనిపించకుండా బొమ్మలో కలిపే గుర్తులో ఆ సర్వర్ లేదా ప్రొజెక్టర్ ఏదో, పదిహేను నిమిషాల తేడాతో ఏ సమయమో నమోదై ఉంటుంది. విజయవాడ గాంధీనగర్‌లో పంపిణీ కార్యాలయాలు నడిపేవారికి ఈ గుర్తు విలువ తెలుసు. విడుదల రోజు హాల్లో ఎవరో కెమెరాతో తీసిన కాపీ ఎక్కడి నుంచి వచ్చిందో పట్టుకోవడానికి దారి చూపేది ఇదే.

గుర్తుకూ తాళానికీ ఉన్న తేడా ఇక్కడ పెద్దది. గుర్తు అందరికీ పూర్తి బొమ్మ ఇచ్చి, దొంగతనం జరిగాక దొంగను వెతుకుతుంది. తాళం దొంగతనం జరగకముందే ప్రతి ఇంటినీ అనుమానిస్తుంది, పాత పరికరం ఉన్న ఇంటిని శిక్షిస్తుంది. సినిమా తీసినవారి పెట్టుబడికి రక్షణ కావాలి, అందులో సందేహం లేదు. తెలుగు సినిమా మొదటి వారంలో పైరసీ వల్ల ఎంత నలిగిపోతుందో ఈ రెండు నగరాలు దగ్గరగా చూశాయి. కాని పైరసీ కాపీ చూసేవాడికి హెచ్‌డీసీపీ అడ్డు రాదు. అతని ఫైలుకు తాళమే లేదు, అది పాత రిసీవర్ మీదుగా కూడా నిండుగా ఆడుతుంది. డబ్బు కట్టి, నియమం తప్పకుండా చూసేవారి గదిలోనే బొమ్మ తగ్గుతోంది. ఎలుకల బాధ పడలేక ఇల్లు తగలబెట్టుకున్నట్టు ఉంది ఈ లెక్క.

మన చట్టం కొంత నయం. కాపీరైట్ చట్టానికి 2012లో చేర్చిన 65ఎ సెక్షన్, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం తీసినవారికి రెండేళ్ల దాకా జైలు, జరిమానా విధిస్తుంది. చట్టం నిషేధించని పనికోసం చేస్తే ఆ సెక్షన్ అడ్డు కాదని కూడా అందులోనే ఉంది. కాని తాళం ఉన్నప్పుడు కొనేవారికి ముందే చెప్పాలన్న బాధ్యత ఆ సెక్షన్‌లో ఎవరి మీదా పెట్టలేదు. తెర మీద ‘మీ రిసీవర్‌కు హెచ్‌డీసీపీ 2.2 లేదు, అందుకే 1080లో చూపిస్తున్నాం’ అని ఒక్క వాక్యం వేస్తే కేబుళ్లకు, మెకానిక్‌లకు పెట్టే ఖర్చు కొంతైనా మిగులుతుంది. పరికరానికి ఆ కారణం తెలుసు, తెలిసే దింపుతోంది. కొన్ని పరికరాలు తమ సెట్టింగుల లోతుల్లో ఈ వివరం చూపిస్తాయి. సినిమా నడుస్తున్నప్పుడు చూపించేవి చాలా తక్కువ.

బ్రాడీపేట గదిలో రిసీవర్‌ను పారేయనక్కర్లేదు. స్టిక్కును తీసి నేరుగా టీవీ వెనక పెట్టాలి. తొలితరం 4కె టీవీల్లో ఒకటి రెండు సాకెట్లకే హెచ్‌డీసీపీ 2.2 ఉంటుంది, సాకెట్ పక్కన సన్నని అక్షరాల్లో రాసి ఉంటుంది, టార్చి వేసి చూసుకోవాలి. టీవీ సెట్టింగుల్లో ఆ సాకెట్‌కు పూర్తి బ్యాండ్‌విడ్త్ ఇచ్చే ఎంపికను కూడా తెరవాలి. ఇక శబ్దం. 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చిన ఆర్క్ అనే ఏర్పాటు టీవీ నుంచి శబ్దాన్ని అదే కేబులులో వెనక్కి రిసీవర్‌కు పంపుతుంది. బొమ్మ ఇక రిసీవర్ గడప తొక్కదు కాబట్టి తాళం దాన్ని ప్రశ్నించదు. ఓటీటీలు ఇచ్చే డాల్బీ శబ్దానికి ఆర్క్ సరిపోతుంది. డిస్కుల్లో ఉండే కుదించినా పొల్లు పోని శబ్దానికి మాత్రం చాలదు. అందుకు టీవీలోనూ రిసీవర్‌లోనూ ఆర్క్ తరువాతి తరమైన ఈఆర్క్ ఉండాలి. లేదంటే బొమ్మకు ఒకటి, శబ్దానికి ఒకటి, రెండు హెచ్‌డీఎంఐ సాకెట్లు ఉన్న అల్ట్రా హెచ్‌డీ బ్లూరే ప్లేయర్ తెచ్చుకోవాలి. శబ్దం సాకెట్‌ను పాత రిసీవర్‌కు, బొమ్మ సాకెట్‌ను టీవీకి ఇస్తే, పదేళ్లుగా ఆ గదికి అలవాటైన స్పీకర్లు అలాగే మోగుతాయి, తెర మూలన 3840×2160 పడుతుంది.